ఉంగరం మీది దారం

మూడు నెలలకోసారి మా డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు ఆవిడ మొదట అడిగేది ఒకటే ప్రశ్న: "ఉంగరం బిగుస్తోందా అమ్మా?"

నాకు ఉంగరం లేదు. నా పెళ్లి ఉంగరం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పత్రికాఫీసులో చేతులు కడుక్కునే చోట ఎక్కడో జారిపోయింది. మొదటిసారి అడిగినప్పుడు ఆ మాటే చెప్పాను. ఆవిడ నా చేతులు చూసి, "అయితే గడియారం చూసుకోండి, చెప్పులు చూసుకోండి. సరిపోయేవి ఇరుకైతే నాకు చెప్పాలి. మందు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, ముందు వేళ్లు చెబుతాయి," అన్నారు. మా ఇంటి ఉంగరం ఒకటి మా చెల్లెలి వేలికి ఉందని నేను చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

అది అమ్మ ఉంగరం. మీద సన్నగా సిలువ గీత ఉంటుంది. అమ్మ పోయే ముందు దాన్ని తీసి మా చెల్లెలు లిజీ చేతిలో పెట్టింది. పెద్దదాన్ని నేను. ఆ గదిలోనే, ఆ మంచం పక్కనే, దిండు సర్దుతూ ఉన్నాను. అమ్మవి లావు వేళ్లు, లిజీవి సన్నవి. అందుకని అడుగున తెల్ల దారం చుట్టి పెట్టుకునేది. చెమటకు దారం నల్లబడితే విప్పి కొత్తది చుట్టేది. పన్నెండేళ్లుగా ఆ దారాన్ని చూస్తూ వచ్చాను. ఇది నీ కొలతకు చేసింది కాదు అని నా తరఫున అది ఆమెకు గుర్తుచేస్తున్నట్టు ఉండేది. అంత చిన్న విషయంలో అంత సంతృప్తి ఉంటుందని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే మిగతాది అబద్ధమవుతుంది.

పోయినేడు జనవరి

అంతకు రెండేళ్ల క్రితం నా తలలో, ముక్కుకు వెనకగా, శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి మీద గడ్డ వస్తే ముక్కులోంచే తీశారు. క్యాన్సరు కాదు. అందరూ ప్రార్థన చేశారు, అందరూ సంతోషించారు. గ్రంథి దెబ్బతింది గనక అది చేయాల్సిన పనుల్లో కొన్నింటికి మాత్రలిచ్చారు. రక్తపరీక్షలు సరిగ్గా వచ్చాయి. నేను మాత్రం సరిగ్గా రాలేదు.

అలసట అనే మాటను ముప్పై ఏళ్ల పత్రిక డెస్కు ఉద్యోగంలో కొన్ని వేలసార్లు దిద్ది ఉంటాను. దాని అర్థం అప్పుడు తెలిసింది. నిద్ర లేచేసరికే సాయంత్రం అయినట్టుండేది. నాలుగు మాటల హెడ్డింగు కోసం అరగంట కూర్చునేదాన్ని. నడుం చుట్టూ కొవ్వు చేరింది, చేతులు సన్నబడ్డాయి. ఒక శనివారం మోండా మార్కెట్లో కూరగాయల సంచీ పట్టుకుని పది అడుగులు వేసి, ఒక కొట్టు ముందున్న ఉల్లిగడ్డల బస్తా మీద కూర్చుండిపోయాను.

"ఏందక్కా గట్ల కూసున్నవ్? లే, బండి ఆడ పెట్టిన," అంది లిజీ. తన సంచీ, నా సంచీ ఒకే చేత్తో ఎత్తింది.

లిజీ బడిలో ఆటల టీచరు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. మెడలో ఎప్పుడూ విజిల్. నలభై దాటినవాళ్లకు పెట్టే పరుగు పందేల కోసం పొద్దున్నే పరేడ్ మైదానంలో సాధన చేసేది. చిన్నప్పటి నుంచీ ఆమె పరిగెత్తింది, నేను చూశాను. చూసి రాయడం నా పని అనుకుని సర్దుకున్నాను. ఆ రోజు బస్తా మీది నుంచి ఆమె వీపు చూస్తుంటే, సర్దుకోవడం అన్నది ఆరోగ్యం ఉన్నవాళ్లు చేయగలిగే పని అని తోచింది.

కొట్టతను నీళ్ల సీసా తెచ్చి ఇచ్చి, "జెర దమ్ తీస్కోండమ్మా, ఏం తొందర," అన్నాడు. అతని పేరు ఇప్పటికీ తెలియదు.

ఏప్రిల్

డాక్టరుగారు అనుమానించింది గ్రోత్ హార్మోను తక్కువైందని. అది పిల్లలకే అనుకునేదాన్ని. వెనకటికి ఒకసారి దాని మీద వచ్చిన వార్తకు "పొడుగు సూది" అని హెడ్డింగు పెట్టి, బాగుందని మెచ్చుకోలు కూడా పొందాను. సగం తప్పు హెడ్డింగది. పెద్దయ్యాక కూడా ఆ హార్మోను కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుందట. కండను నిలుపుతుంది, కొవ్వును కరిగిస్తుంది, ఎముకకు బలమిస్తుంది. కొంత పని తానే చేస్తుంది. కొంత కాలేయానికి కబురు పెట్టి చేయిస్తుంది.

అయితే అలసిపోతున్నాను అన్నంతమాత్రాన ఎవరూ ఇవ్వరు. లేదని నిరూపించాలి. దానికో పరీక్ష.

బేగంపేట వైపున్న ఆ ఆసుపత్రి హాలు నిండా పిల్లలు. గోడకు ఎత్తు కొలిచే పట్టీ. నా పక్కన తిరుమలగిరి నుంచి వచ్చిన స్వరూప అనే ఆమె, పదకొండేళ్ల కూతురితో కూర్చుంది. పిల్ల ఏడేళ్లదానిలా ఉంది.

"మీ పాప ఏడుంది మేడం?" అంది స్వరూప.

"పాప లేదండీ. నాకే."

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. మా ఇంట్లో నేనే పొడుగు. "ఇంకెంత పొడుగైతరు? ఫ్యానుకు తాకుతరు," అంది.

పిల్ల కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆ పిల్ల గోడ దగ్గర నిలబడితే నర్సు గీత పెట్టి, "ఆర్నెల్లల్ల మంచిగ పెరిగింది," అంది. స్వరూప కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు ఆ గీత మీద అసూయ కలిగింది. పిల్లల ఎముకల చివర్లు ఇంకా మూసుకుపోవు గనక వాళ్లలో మందు ఎముకను సాగదీస్తుంది. గోడ సాక్ష్యం చెబుతుంది. నా బాధకు ఏ గోడ మీదా గీత పడదు. మా ఆయన కూడా ఒకటి రెండుసార్లు, "అన్నీ నార్మలే అన్నారు కదా," అని మెల్లగా అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయనకు కనిపించేదేం లేదు.

పరీక్ష ఇలా ఉంటుంది. పరగడుపున పడుకోబెట్టి, ఇన్సులిన్ ఇచ్చి షుగరు బాగా దించుతారు. ఒళ్లు భయపడాలి. భయపడితే గ్రంథి హార్మోను వదలాలి. వదిలిందో లేదో గంటల తరబడి రక్తం తీసి చూస్తారు. చెమటలు పట్టాయి, పెదవులు వణికాయి, పైకప్పు పలకలు రెండు రెండుగా కనిపించాయి. ఆ నర్సు నా మణికట్టు వదలకుండా, "నేనీడనే ఉన్న. మీకిష్టమైన కూరేందో చెప్పుండ్రి," అంటూ మాట్లాడిస్తూ ఉంది. గోంగూర పేరు గుర్తు రాలేదు. ఆకు, పుల్లగా ఉంటుంది, అన్నాను.

ఫలితం వచ్చింది. నేను భయపడ్డాను, నా గ్రంథి ఉలకలేదు. గడ్డ మళ్లీ పెరగడం లేదని స్కానులో చూసుకున్నాకే మందు రాశారు.

జూన్

రోజూ పడుకునే ముందు పొట్ట మీద చిన్న సూది. పెన్నులా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టనివ్వకూడదు. మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దానికి చోటిచ్చాను.

దాని సంగతి డాక్టరుగారిని విలేఖరిలాగే అడిగి తెలుసుకున్నాను. ఒకప్పుడు చనిపోయినవాళ్ల గ్రంథుల నుంచి తీసేవారట. అలా తీసుకున్నవాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన మెదడు జబ్బు రావడంతో ఆపేశారు. ఇప్పుడు మనిషి జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టి, పెద్ద పాత్రల్లో వాటితో తయారుచేయించి, శుద్ధి చేస్తారు. పెరుగు తోడుపెట్టినట్టేనా అంటే ఆవిడ నవ్వి, "తోడు దాకా సరే. తర్వాతి వడకట్టడమే అసలు పని. అందుకే దీనికిన్ని కట్టుబాట్లు," అన్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ మీద రాసిన మోతాదు కూడా శాశ్వతం కాదు. కాలేయం ఏం జవాబిస్తోందో రక్తంలో చూసి పెంచుతారు, తగ్గిస్తారు. షుగరు పెరగొచ్చు గనక దాన్నీ చూస్తారు. ఆటగాళ్లకు పూర్తిగా నిషేధం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లిజీ భోజనానికి వచ్చింది. పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచి, పెన్ను బయటికి తీసింది.

"ఓ, ఇదా. నాది పొడి లెక్కొస్తది, నీళ్లు కలుపుకోవాలె," అంది.

"నీదేంటి?"

"మా జిమ్ము కోచ్ తెప్పిస్తడక్కా. రికవరీకి. చిన్న డోసే. ఏప్రిల్ సంది తీస్కుంటున్న."

"టెస్టు చేయించావా?"

"టెస్టెందుకు? నాకేం రోగముందా?" అని గిన్నె తీసుకుని వెళ్లింది. తర్వాత బల్ల దగ్గర, "మా వెటరన్ల పందేలల్ల ఎవరు చూస్తరక్కా, పరేషాన్ గాకు," అని కూడా అంది.

నేనప్పుడు భయపడి ఉండాల్సింది. భయం రాలేదు. కడుపు మండింది. ఏప్రిల్లో నేను చెమటలో తడుస్తూ లేదని నిరూపించుకున్నదాన్ని, అదే ఏప్రిల్లో ఆమె ఉన్నదాని మీద అదనంగా పోసుకుంది. నాకు మంచం దిగే శక్తి కోసం, ఆమెకు పతకం కోసం. పైగా నా ఒంట్లో మార్పు నాకే తెలియడం లేదు. ఆమె భుజాలు మాత్రం జాకెట్టు చేతుల్లోంచి మెరుస్తున్నాయి. అమ్మ ఏం ఇచ్చినా లిజీకే పట్టేది. ఇదీ అంతే అనుకున్నాను.

ఆగస్టు

మొదటి ఆదివారం చర్చిలో పాటల పుస్తకం ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఆమె వేలి మీద ఉంగరం ఉంది. దారం లేదు.

నేను చూసింది అంతే. కానీ ముప్పై ఏళ్లు ప్రూఫులు చూసినదాన్ని. ఉండాల్సిన చోట లేనిదే ముందు కనబడుతుంది. ఉంగరం చర్మంలోకి దిగబడి ఉంది. అప్పటికే డాక్టరుగారు నన్ను ఆ ప్రశ్న అడిగి ఉన్నారు.

మా డెస్కులో ఒక అలవాటుంది. నిర్ధారణ కాని వార్తను హోల్డ్‌లో పెడతాం. అనుమానం ఉంటే ఆపమనేది మాకు మొదటిరోజు నేర్పే పాఠం. చాలా పరువులు కాపాడిన మంచి నియమం అది. దాన్నే వాడుకున్నాను. ఒళ్లు చేసి ఉండొచ్చు, వయసుకు వేళ్లు లావవుతాయి, నేను డాక్టరును కాదు. ఇలా ఒక్కొక్కటీ పేర్చి ఉంగరాన్ని హోల్డ్‌లో పెట్టాను. నిజానికి ఆ వార్తకు కావలసిన ఆధారాలన్నీ ఆ చర్చిలో నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. చెప్పకపోవడానికి కారణం ఒకటే. ఆమెకు ఏదో కాస్త చెడు జరగాలని ఉంది. పెద్దది కాదు. నాలాగా ఒకసారి ఎక్కడో కూర్చుండిపోవాలి, అంతే.

సెప్టెంబరులో ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా సీసా తర్వాత సీసా నీళ్లు తాగేది. షుగరు ముదిరినప్పుడు అమ్మ అలాగే తాగేది. అదీ చూశాను. అదీ హోల్డ్‌లోనే వేశాను.

అక్టోబరు

నాకే మొదలైంది. గడియారం పట్టీ ఒక రంధ్రం అవతలికి జరపాల్సి వచ్చింది. పొద్దున్నే వేళ్లు తిమ్మిరెక్కేవి. డాక్టరుగారికి చెబితే రక్తం చూసి మోతాదు తగ్గించారు. వారానికి చేతులు తేలికపడ్డాయి. "చెప్పబట్టి సరిపోయింది. చెప్పకుండా సాగదీస్తే షుగరు, నరాలు, గుండె దాకా వెళ్తుంది," అన్నారు. ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది. ఇంటికి వచ్చే దారంతా నాకది ఇంకొకరి గురించి అన్నట్టే వినబడింది.

ఆ ఆదివారం అన్నం దగ్గర లిజీ చేతిలోంచి గరిటె జారింది. తీసి, మళ్లీ జారవిడిచింది.

"చేతులు మొద్దుబారుతున్నయక్కా. బోర్డు మీద రాసుడు ఎక్కువైంది."

"ఆటల టీచరుకు బోర్డేంది? ఆ ఉంగరం తియ్యి."

"ఎందుకు?"

"ఒకసారి తియ్యి."

లాగింది. కణుపు దగ్గర ఆగింది. సబ్బు రాసుకొచ్చి లాగింది. వేలు ఎర్రబడింది. "ఎండకు ఉబ్బుతయ్ గాదా," అంది.

"అక్టోబర్ల ఎండా? దారం ఎప్పుడు తీసినవ్?"

"ఏమో. జూలైలనో, ఆగస్టులనో."

"ఆగస్టు మొదటి ఆదివారానికి లేదు. నేను చూసిన."

ఆమె సబ్బు చేయి అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. "చూసినవా? చూసి?"

"చూసి ఊకున్న."

మా ఆయన ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు.

"ఎందుకూకున్నవ్?"

"కుళ్లు, లిజీ. ఇంక వేరే మాట లేదు."

"అమ్మ ఉంగరం గురించా?"

"అది సుత."

ఆమె నీళ్ల సీసా వైపు చూసింది. "నాకు గింత దూప అయితుందని సుత చూసినవా?"

"చూసిన."

"అమ్మ లెక్క."

"అమ్మ లెక్కనే."

లేచి బయటికి వెళ్లింది. స్కూటరు శబ్దం కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. రాలేదు. చాలాసేపటికి తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, "రేపు మీ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీస్కపో. నేను చెప్పలేను, నాకు నోరు రాదు. నువ్వే చెప్పు. చెప్పుడు నీకు అలవాటేగా," అంది. ఆ చివరి మాటలో ఉన్న దెబ్బ నాకు తగలాలనే అంది. తగిలింది.

డాక్టరుగారు లిజీ తెచ్చిన చిన్న సీసాను వెలుతురుకు పెట్టి చూశారు. నా పెన్నును కూడా పక్కన పెట్టమన్నారు. పత్రిక ఏదైనా చివరి పేజీ అడుగున ఎవరు అచ్చువేశారో, ఎక్కడ వేశారో ఒక పంక్తి ఉండి తీరాలి. అది లేనిది కరపత్రం. నా పెన్ను మీద తయారుదారు, లైసెన్సు, బ్యాచి, గడువు, చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక అన్నీ ఉన్నాయి. లిజీ సీసాకు రంగు మూత ఉంది. అంతే.

"ఇందులో అసలు ఏముందో నాకూ తెలియదమ్మా. హార్మోనే అయితే ఎంతుందో తెలియదు," అన్నారావిడ. లిజీ షుగరు బాగా పెరిగి ఉంది. సీసా ఆ రోజే ఆపించారు. మీ అమ్మగారికీ షుగరు ఉండేది కనక మీకు రాసిపెట్టి ఉండొచ్చు, ఇది తలుపు తీసింది, మళ్లీ మూసుకుంటుందో లేదో కొన్ని నెలలు చూద్దాం అన్నారు.

అక్కడి నుంచి నేరుగా మోండా మార్కెట్ సందులో కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన సన్నని రంపంతో ఉంగరం కోశాడు. "సిలువ దగ్గర కొయ్యకు భయ్యా," అంది లిజీ.

పందెం మానుకుంది. మందుల నియంత్రణ కార్యాలయానికి ఫిర్యాదు తనే రాసింది. నన్ను దిద్దమంది. ఒక్క కామా మాత్రం పెట్టాను. ఆ ఫిర్యాదు ఎంతవరకు వెళ్లిందో ఇంకా తెలియదు. జిమ్ము మాత్రం తెరిచే ఉంది.

ఈ సంవత్సరం

నాకు మెల్లగా నయమవుతోంది. ఏ రోజు మొదలైందో చెప్పలేను. ఒకరోజు మూడో అంతస్తు మెట్లెక్కాక, మధ్యలో ఆగలేదని తట్టింది. హెడ్డింగులు మళ్లీ వస్తున్నాయి. స్వరూప కూతురు గోడ మీది తన పాత గీతను దాటిపోయింది. హాల్లో కనబడితే, "ఆంటీ, ఫ్యానుకు తాకినవా?" అని అడుగుతుంది.

ఇది చదివేవాళ్లలో నాలా అలసిపోయి, అన్నీ బాగానే ఉన్నాయని అనిపించుకుంటున్నవాళ్లుంటే, ఇంకో డాక్టరును ఇంకోసారి అడగండి. ఒళ్లు మెరవడానికి సూది ఇస్తామనేవాళ్లు తగిలితే సీసా మీద ఏం రాసుందో చదవండి. మూడోది చెప్పడం కష్టం. మీ ఇంట్లోవాళ్ల వేళ్ల మీద మీకు ఏదైనా కనబడితే, మీకు వాళ్లంటే ఎలా ఉన్నా సరే, ఆ రోజే చెప్పండి.

అతికించిన ఉంగరాన్ని లిజీ నాకిచ్చింది. "నా వేలు తగ్గినంక ఇయ్యి. అప్పటిదాక పెట్టుకో, నీ దగ్గరుంటే నువ్వు కుళ్లుకోవు," అంది. నవ్వుతూ అనలేదు. మేం మళ్లీ ఒకే బల్ల దగ్గర తినడానికి క్రిస్మస్ దాటింది. నేను మెట్లెక్కి వస్తుంటే చూసి ఒకసారి, "ఇప్పుడు నాకైతుంది కుళ్లు," అంది. అది నవ్వుతూనే అంది.

నాలుగు నెలలు ఆ ఉంగరం నా వేలికుంది. దారం అక్కర్లేకుండా సరిపోయింది. డాక్టరుగారు అడిగితే చేయి చాచి, "లేదండీ, తిరుగుతోంది," అని చూపించాను.

పోయిన ఆదివారం అన్నం తిన్నాక లిజీ చేయి చాచింది. షుగరు ఇంకా పూర్తిగా దిగలేదు, మాత్ర వేసుకుంటోంది. వేళ్లు మాత్రం సన్నబడ్డాయి. నేను ఉంగరం తీసి ఆమె వేలికి తొడిగాను. కణుపు దగ్గరికి వచ్చింది. అక్కడ అది ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నానని రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆగలేదు. జారి, వదులుగా తిరిగింది.

కుట్టుపెట్టె తెచ్చి, దారం నేనే చుట్టాను.